మామ చెప్పిన బర్మా, నేను చూసిన గుట్ట

పోయిన వారం మా గల్లీలోకి గాడిద పాలు అమ్మే మనిషి వచ్చాడు. పసిపిల్లలకు దగ్గు రాదని, పెద్దవాళ్ళకు ఆయాసం తగ్గుతుందని ఇప్పుడు చెంచాడు పాలు కూడా మందులాగా కొంటున్నారు. నా మనవరాలు ఫోను పట్టుకుని బయటికి ఉరికింది. ఆ గాడిద మా గేటు దాకా బుద్ధిగానే వచ్చి, నల్లా పైపు కోసం తవ్విన గుంతను చూసి ఆగిపోయింది. ఆ మనిషి దానికి ఎదురుగా నిలబడి, కళ్ళలో కళ్ళు పెట్టి తాడు గుంజుతాడు. అది నాలుగు కాళ్ళూ భూమిలో పాతుకుంటుంది. నేను చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ కాసేపు చూసి, ఇక ఉండబట్టలేక, "దాని మొఖం చూడకు అన్నా, అటు తిరిగి నడువు" అన్నాను. ముసలమ్మ మాట ఎందుకు కాదనాలి అనుకున్నాడేమో, అటు తిరిగి రెండడుగులు వేశాడు. గాడిద గుంత పక్క నుంచి చక్కగా నడిచిపోయింది. మీ ఇంట్ల గాడిదలు ఉండెనా అమ్మా అని అడిగాడు. లేవు. మా ఇంట్లో ఉన్నది మా మామ.

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చింది అరవై తొమ్మిదిలో. ప్రత్యేక తెలంగాణ కోసం ఊరంతా లొల్లిగా ఉన్న రోజులు కాబట్టి పెళ్ళి బ్యాండు లేకుండానే అయిపోయింది. మాదన్నపేట మార్కెట్టుకు నాలుగు గల్లీల అవతల మా ఇల్లు: రెండు అర్రలు, పొగచూరిన వంటిల్లు, ముందర రాతి అరుగు. నా పెనిమిటి తెల్లవారగానే ఫ్యాక్టరీ బస్సెక్కి పోయేవాడు. అత్త మార్కెట్లో ఆకుకూరలు అమ్మేది. మామ కట్టెల అడితిలో సాయంత్రం పూట కాపలా కాసేవాడు కాబట్టి పగలంతా ఇంట్లో మిగిలేది మేమిద్దరమే. కొత్తలో ఆయన మూగవాడేమో అనుకున్నాను. నీళ్ళు కావాలంటే పిలిచేవాడు కాదు, తలుపు చెక్కను వేలితో రెండుసార్లు కొట్టేవాడు. అన్నం చాలంటే నాలుకతో ఒక చప్పుడు. నడిచి వస్తే అడుగు వినపడేది కాదు, వెనక్కి తిరిగేసరికి అక్కడ ఉండేవాడు. మూడు నెలల్లో నా చేతిలోంచి రెండు చెంబులు జారిపడి సొట్టలు పోయాయి. చెప్పులు తొడుక్కునే ముందు వాటిని తలకిందులు చేసి దులపనిదే కాలు పెట్టేవాడు కాదు. ఎందుకు మామా అని ఒకరోజు ధైర్యం చేసి అడిగితే, "జలగలుంటయి బిడ్డా" అన్నాడు. మాదన్నపేటలో జలగలు ఎక్కడివని నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. ఆ రోజే మొదటిసారి బర్మా సంగతి ఎత్తాడు.

నా చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. బర్మా ఎటు దిక్కున ఉంటుందో నాకు తెలియదు. నేను చాటలో బియ్యం ఏరుతుంటే ఆయన ఎదురుగా కూర్చుని, బియ్యాన్ని ఇటు కుప్ప, అటు కుప్ప చేసి మధ్యలో వేలితో గీత గీసేవాడు. కుప్పలు కొండలు, గీత ఏరు, మట్టిపెళ్ళలూ రాళ్ళూ జపాను వాళ్ళు. కథ అయ్యేసరికి నేను జపాను వాళ్ళందరినీ ఏరి బయట పారేసి ఎసట్లో బియ్యం పోసేదాన్ని. పద్దెనిమిదేళ్ళ పిల్లకు యుద్ధం అంటే ఇంతకన్నా తేలికగా ఎవరూ చెప్పలేరు.

నిజాం కాలంలో, వానలు లేక ఊళ్ళో పని దొరకని ఏడు, మామ సికింద్రాబాదుకు నడిచి వచ్చాడట. అక్కడ తెల్లదొరల ఫౌజులోకి మనుషులను తీసుకుంటుంటే వరుసలో నిలబడ్డాడు. ఛాతీ కొలిచి, పళ్ళు చూసి, పశువులను కాసిన చెయ్యా అని అడిగి, ఖచ్చర్ల దగ్గర వేశారు. ఖచ్చర్ అంటే కంచరగాడిద, గాడిదకూ గుర్రానికీ పుట్టేది. "రాజు కోసం పోలే బిడ్డా, రొట్టె కోసం పోయిన," అని ఆయన దాచకుండా చెప్పేవాడు. అది దొరల కొట్లాట అనీ, మనకు దాంతో పని లేదనీ ఆయనకూ తెలుసు. కానీ అడవిలో పక్కన ఉన్నవాడు చస్తుంటే ఎవరి కొట్లాట అని అడగడానికి తీరిక ఉండదు అనేవాడు.

వాళ్ళది కొండల మీదికి తోపులు, అంటే ఫిరంగులు, మోసే పటాలం. దారి లేని చోటికి తోపును లాక్కుపోలేరు కాబట్టి దాన్ని ముక్కలుగా విప్పి ఎనిమిది ఖచ్చర్ల మీద కట్టేవారు. గొట్టం రెండు ముక్కలు, చక్రాలు, ఇరుసు, ముందర నిలబెట్టే ఇనుప పలక, ఒక్కోదానికి ఒక్కో జంతువు, ఒక్కో మనిషి. మామ ఖచ్చర్ మీద గొట్టం ముందు ముక్క ఉండేది. ఖచ్చర్లు అరిస్తే జపాను వాళ్ళకు వినపడుతుందని పోయే ముందే వాటికి మత్తుమందు ఇచ్చి, గొంతు నరం కోసేశారట. అందుకని అవి నోరు తెరిచేవి, చప్పుడు వచ్చేది కాదు. వాటికి నోరు లేనప్పుడు మనకెందుకని తోలేవాళ్ళు కూడా మాటలు మానేశారు. నాలుక చప్పుడుతో, వేలి దెబ్బతో పని నడిచేది. మూడేళ్ళు అట్లా బతికిన మనిషి ఇంటికి వచ్చి, అమ్మీ నీళ్ళు తే అని ఎట్లా అరుస్తాడు?

ఆయన ఖచ్చర్ పేరు బేగం. బురద కనిపిస్తే గోషాలో ఉన్న దొరసానిలాగా కాలు ఎత్తి ఆలోచించేదట, అందుకని ఆ పేరు. ఈ పేరు వల్ల మా ఇంట్లో జరిగిన గొడవ చెప్పాలి. ఫౌజు నుంచి తిరిగి వచ్చిన కొత్తలో మామకు చలిజ్వరం వచ్చేది. ఒళ్ళు తెలియని జ్వరంలో బేగం, బేగం అని కలవరించేవాడు. అత్త విన్నది. ఒక్క మాట అడగలేదు. కానీ ఇరవై మూడేళ్ళ పాటు, జ్వరం వచ్చినప్పుడల్లా గంజి గ్లాసు ఆయన ముందర కొంచెం గట్టిగా పెట్టేది. నేను వచ్చిన రెండో ఏడు, బియ్యం ఏరుతూ విన్న కథను మాటల్లో అత్తకు చెప్పాను. అత్త చేతిలో తోటకూర కట్ట అట్లాగే ఉండిపోయింది. తర్వాత అర్రలోకి పోయి మామను అడిగింది: "ఇన్నేండ్ల సంది నేను ఏడ్సింది ఒక గాడిద కోసమా?" మామ చాలా నొచ్చుకున్నాడు. "గాడిద కాదు, ఖచ్చర్," అన్నాడు.

ఆయన ఎక్కువసార్లు చెప్పిన కథ ఒకటే. వానాకాలం, వెదురు అడవి, ఆకు ఆకుకూ జలగ. కింద లోయలో మన పల్టను ఒకటి ఇరుక్కుపోయింది, ఎదురు కొండ మీది నుంచి జపాను వాళ్ళు తల ఎత్తనివ్వడం లేదు. ఇటు కొండ మీదికి తోపు ఎక్కితే తప్ప వాళ్ళు బతకరు. ఆ కొండ నిలువునా జారుడు బురద. బలంగా ఉన్న మగ ఖచ్చర్ను ముందు పెట్టి కొట్టారు, అది ఎక్కలేదు. రెండోది జారి లోయ అంచున ఆగింది. దొర టోపీ తీసి నెత్తి పట్టుకున్నాడు. అప్పుడు మామ వెదురు బొంగులు నరికించి, మెట్లలాగా అడ్డంగా కొట్టించి, బేగంను ముందుకు తెచ్చాడు. బలానికి కాదు, మిగతావి దాని వెనక నడుస్తాయని. తాడు వదులుగా పట్టుకుని, వెనక్కి చూడకుండా నడిచాడు. "నువ్వు తిరిగి చూసినవనుకో, నీకే నమ్మకం లేదని దానికి తెలుస్తది," అనేవాడు. మధ్యాహ్నానికి ఎనిమిదీ పైకి చేరాయి. ఒక చుట్ట కాల్చేంత సేపట్లో ముక్కలు కలిపి తోపు నిలబెట్టారు. సాయంత్రానికి లోయలో ఉన్నవాళ్ళు లేచి నిలబడి నడుస్తుంటే పైనుంచి చీమల బారులాగా కనిపించారట. యుద్ధం అయ్యాక మనుషులకు ఓడలు వచ్చాయి, ఖచ్చర్లకు రాలేదు. బేగం ఏమైంది మామా అంటే, తాడు అప్పజెప్పి వచ్చిన అనేవాడు. అంతకు మించి ఎన్నడూ చెప్పలేదు, నేను రెండోసారి అడగలేదు.

మా బస్తీలో పంద్రాగస్టుకు జెండా ఎగరేసేటప్పుడు ఒక ఆనవాయితీ ఉండేది. ఫౌజులో చేసి వచ్చినవాళ్ళు ముందు వరసలో నిలబడి సెల్యూట్ కొట్టేవారు. నలుగురో ఐదుగురో ఉండేవారు, ఛాతీ మీద బిళ్ళలు పెట్టుకుని, మీసాలు దువ్వుకుని. వాళ్ళకు పెద్ద ఒక హవల్దారు, పాకిస్తానుతో యుద్ధంలో కొట్లాడి వచ్చినవాడు, నిక్కచ్చి మనిషి. మామ ఎప్పుడూ వెనక జనంలో నిలబడేవాడు. డెబ్భై ఒకటిలో నేనే పోరి, ఇస్త్రీ అంగీ తొడిగించి, మీరు కూడా ఆ వరసలో నిలబడాలి మామా అని పంపాను. పోయి నిలబడ్డాడు. హవల్దారు ఏ పటాలం అని అడిగాడు, మామ చెప్పాడు. "ఖచ్చర్లను తోలుడు సిపాయి పనా పెద్దాయనా? జర పక్కకు జరుగు, ఫొటో దిగుతున్నరు," అన్నాడు. మామ పక్కకు జరిగాడు. జనం నవ్వారు, పెద్దగా కాదు, కొంచెమే. ఆ కొంచెం నవ్వే ఇంటి దాకా వచ్చింది. ఆ రోజు నుంచి మామ నా చాటలో ఏరు గీయలేదు. బియ్యంలో రాళ్ళు ఉట్టి రాళ్ళయిపోయాయి. పంపింది నేను కదా, నాకు తిన్నది ఒంటబట్టలేదు.

మరుసటి ఏడు స్వతంత్రం వచ్చి పాతికేళ్ళు. పక్క బస్తీ వాళ్ళు మైదానంలో పెద్ద జెండా పెడుతున్నారని తెలిసి, మా వాళ్ళకు రోషం వచ్చింది. బస్తీ వెనక ఉన్న గుట్ట మీద నిలబెడితే సంతోష్‌నగర్ దాకా కనిపిస్తుందన్నారు. బాధ్యత హవల్దారు తీసుకున్నాడు. ఫ్యాక్టరీ పాత సామాన్లలో లావాటి ఇనుప గొట్టాలు మూడు కొని, అతుకు కనపడకుండా వెల్డింగ్ చేయించి, ముప్పై అడుగుల ఒకటే గొట్టం తయారు చేయించాడు. ఇసుక, సిమెంటు మోయడానికి గాడిదల చాచాను మాట్లాడారు. పాతబస్తీ సన్న గల్లీల్లో ఇల్లు కట్టేవాళ్ళకు ఇటుకలూ ఇసుకా మోసే ముసలాయన, ఏడు గాడిదలు ఆయనవి. రెండు రోజులు ఇసుక పైకి పోయింది. మూడో రోజు వాన పట్టుకుంది. రాయి మీద నాచు, దాని మీద నీళ్ళు. గుట్ట సగంలో రెండు బండల మధ్య ఒక ఇరుకు సందు ఉంది, అది ఎక్కి వంపు తిరగాలి. ఆ సందు దగ్గర గాడిదలు నిలబడిపోయాయి. అన్నిటికన్నా బలంగా ఉన్న మగదాన్ని హవల్దారు ముందుకు తోలించాడు. అది జారి మోకాళ్ళ మీద పడింది. సిమెంటు బస్తా పగిలి బురదలో కలిసింది. ముప్పై అడుగుల గొట్టాన్ని ఎనిమిది మంది భుజాల మీద ఎత్తుకుని పోతే, అది సందులో వంపు తిరగక ఇరుక్కుంది, ఒకాయన వేలు చితికింది. చాచా నెత్తికి రుమాలు చుట్టుకుని, తన జానవర్లు పోతే ఎవరు తెస్తారని తాళ్ళు విప్పుకోసాగాడు. పన్నెండో తారీఖు అది. ఎల్లుండి అవతల జెండా.

సిమెంటుకు నీళ్ళు మోయడానికి వచ్చిన ఆడవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ సందు, ఆ బురద, మోకాళ్ళ మీద పడ్డ మగ గాడిద, ఇదంతా నేను ఇదివరకే నా చాటలో చూశాను. బిందె అక్కడే పెట్టి ఇంటికి ఉరికాను. మామ అరుగు మీద తాడు పేనుతున్నాడు. సంగతంతా చెప్పాను. తల ఎత్తకుండా, సిపాయిలున్నరు గద బిడ్డా, వాళ్ళు చూసుకుంటరు అన్నాడు. మీకు వాళ్ళ మీద కోపం ఉంటే ఉండనీ అన్నాను. కోపం లేదన్నాడు. నేను చెప్పేవన్నీ కతలని బస్తీల అంటున్నరు, నిజమేనేమో, ముసలోడినయిన, ఏది జరిగిందో ఏది అనుకున్ననో నాకే తెలుస్తలేదు అన్నాడు. నేను ఆయన ఎదురుగా అరుగు మీద కూర్చున్నాను.

"మామా," అన్నాను, "ఆ కొండ కత మీరు నాకు ఇరవైసార్లు చెప్పిన్రు. అబద్ధమైతే ఒక్కపాలన్న మారకపోవునా? ఒకసారి ఎనిమిది ఖచ్చర్లు, ఒకసారి పది అనకపోదురా? ఒక్క వెదురు బొంగు కూడ జరగలే. నాకు చదువు లేదు గని, విన్నది మర్వను."

మామ తాడు కింద పెట్టాడు. అరుగు రాతిని వేలితో రెండుసార్లు కొట్టి లేచాడు.

గుట్ట కింద ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు. ముందు గాడిదల దగ్గరికి పోయి, ఒక్కోదాని కాలు ఎత్తి డెక్క చూశాడు. ఇద్దరు మనుషులతో నీళ్ళు తాగించాడు. కడుపు కింద పట్టీల్లో వేళ్ళు దూర్చి బిగువు చూశాడు. చాచా తాళ్ళు విప్పడం ఆపి కాసేపు చూసి, "యే హాథ్ ఫౌజ్ కా హై మియా" అన్నాడు, ఈ చెయ్యి ఫౌజుది అని. ఆ మాట హవల్దారుకు కూడా వినపడింది. వీటిలో మిగతావి ఎవరి వెనక పోతయి భాయ్ అని మామ అడిగితే, చాచా మూలకు నిలబడ్డ తెల్ల ఆడ గాడిదను చూపించాడు. ముసలిది, పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు. జనంలో ఎవరో, దానికే ఒక గాడిద కావాలె మోసేతందుకు అన్నారు. మామ దాని చెవి వెనక గోకాడు. తర్వాత గొట్టం దగ్గరికి వచ్చి, అతుకుల కాడ కొయ్యమన్నాడు.

హవల్దారు ముఖం ఎర్రబడింది. ఒకటే ముక్క ఉండాలని కదా ఇంత కష్టపడి చేయించింది అన్నాడు.

"తోపునే ముక్కలు చేసి కొండెక్కించినం సాబ్. పైన కలిపితే మల్ల ఒకటే," అన్నాడు మామ.

"గాడిదలు ఎక్కకపోతే?"

"ఎక్కకపోతే నన్ను వరసల నిలబెట్టొద్దు."

ఎక్కితే ఏం చేయాలో ఆయన చెప్పలేదు, హవల్దారు అడగలేదు. నల్లా మిస్త్రీ వచ్చి గొట్టాన్ని మూడు ముక్కలు చేసి, కొసలకు మరలు కోశాడు. ఈ లోపల మామ కట్టెల అడితి నుంచి బల్లీలు, అంటే గుండ్రటి వాసాలు, తెప్పించి, సందులో అడుగడుగుకూ అడ్డంగా వేయించి, వాటి వెనక ఇసుక సంచులు దట్టించాడు. గొట్టం ముక్కను తెల్ల గాడిద వీపు మీద మట్టంగా కాకుండా, ముందు కొస కొంచెం పైకి ఉండేట్టు, గోనె సంచుల మెత్త మీద కట్టాడు. ముడి ఎట్లా వేశాడంటే ఒక కొస లాగితే మొత్తం ఊడిపోతుంది. జంతువు జారితే బరువు పోవాలి, జంతువు పోవద్దు అన్నాడు. చాచా ఆ ముడిని రెండుసార్లు వేయించుకుని నేర్చుకున్నాడు.

తర్వాత మామ చెప్పులు విడిచి, తాడు వదులుగా పట్టుకుని నడిచాడు. ఆయన వెనక తెల్ల గాడిద, దాని వెనక ఆరు, ఒకదాని తోకకు ఒకటి. నేను బిందె ఎత్తుకుని పక్క నుంచి ఎక్కాను. సందు దాకా బాగానే పోయింది. మొదటి బల్లీ మీద కాలు పెట్టి తెల్లది ఆగింది. హవల్దారు చేతిలో కర్ర ఉంది, దాన్ని వెనక్కి దాచుకున్నాడు, అది నేను చూశాను. మామ తిరగలేదు. తాడు గుంజలేదు. వానలో అట్లాగే ముందుకు చూస్తూ నిలబడ్డాడు, మనకు తొందరేముంది అన్నట్టు. వాన చినుకులు ఆయన మెడ మీద పడి అంగీలోకి జారుతున్నాయి. నాలుకతో మూడుసార్లు చప్పుడు చేశాడు. తర్వాత చాలా మెల్లగా, నేను దగ్గర ఉండబట్టి విన్నాను, "నడువు బేగం" అన్నాడు. డెక్క బల్లీ మీద టక్కుమంది. ఆ వెనక రెండోది, మూడోది. ఏడు గాడిదలూ సందు దాటి వంపు తిరిగాయి. కింద నుంచి వచ్చిన కేక చార్మినారు దాకా వినపడి ఉంటుంది. మామ మాత్రం పైకి పోయి, మొదట జంతువుల బరువు దింపి, వాటికి నీళ్ళు పెట్టి, ఆ తర్వాతే కూర్చున్నాడు. సాయంత్రం లోపల అదే దారిలో నాలుగు విడతలు ఎక్కారు. నాలుగోసారికి తాడు చాచా చేతిలో ఉంది, మామ వట్టి చేతులతో పక్కన నడిచాడు.

పంద్రాగస్టు పొద్దున్నే వాన తెరిపి ఇచ్చింది. బస్తీ అంతా గుట్ట ఎక్కింది. అత్త ఆ రోజు మార్కెట్టుకు పోలేదు, పెళ్ళిళ్ళకు కట్టే చీర కట్టింది. మూడు ముక్కలు కలిసిన గొట్టం మూడు దిక్కులా తాళ్ళతో నిటారుగా నిలబడి ఉంది. ఫౌజు వాళ్ళు వరస కట్టారు. మామ ఎప్పటిలాగే వెనక, చాచా పక్కన నిలబడ్డాడు. అంగీ అదే, రెండుసార్లు ఉతికినా సిమెంటు మరకలు పోలేదు. హవల్దారు జెండా తాడు పట్టుకున్నవాడు మళ్ళీ వదిలేసి, వరసలో మొదటి చోటు నుంచి ఒకడుగు పక్కకు జరిగాడు. మిగతావాళ్ళూ తలా ఒకడుగు జరిగారు. మొదట్లో మనిషి పట్టేంత జాగా అయింది. హవల్దారు జనం వైపు తిరిగి మామను చూస్తూ, "బాపూ, నీ జాగ ఇది. నువ్వు రాంది జెండా లేవది," అన్నాడు. క్షమించమని అనలేదు, అట్లాంటి మాటలు ఆయనకు రావు. మామ జనంలో నుంచి నడిచి పోయి ఆ జాగాలో నిలబడ్డాడు. జెండా లేస్తుంటే ఆయన చెయ్యి నుదుటికి పోయిన తీరు చూసి, నాకు అంతకుముందు తెలిసిన మామ ఈయనేనా అనిపించింది. మడమలు కలిసిన చప్పుడు వినపడింది. ఉత్త కాళ్ళతో మడమల చప్పుడు ఎట్లా వస్తుందో నాకు ఇప్పటికీ తెలియదు, కానీ నేను విన్నాను. అత్త కొంగు సర్దుకుని, ఎవరూ అడగకపోయినా పక్కన ఉన్నామెతో, "మా ఆయన బర్మాల కొట్లాడిండు" అని చెప్పింది.

ఎనభై మూడులో పోయేదాకా ప్రతి ఏడూ అదే చోట నిలబడ్డాడు. చివరి రెండేళ్ళు మోకాళ్ళు సహకరించక, హవల్దారే చెయ్యి పట్టుకుని గుట్ట ఎక్కించేవాడు. ఆ గుట్టను తర్వాత పగలగొట్టారు, ఇప్పుడు అక్కడ నాలుగంతస్తుల ఇళ్ళు, బండల మధ్య సందు ఉన్నచోట ఎవరిదో వంటిల్లు ఉంటుంది. అప్పటికి ఇరవై ఏడేళ్ళ కింద అడవిలో చేసిన పనికి గుట్ట మీద ఒకడుగు జాగా దొరికింది, అంత ఆలస్యమైందేమని మామ ఒక్కనాడూ అనలేదు. దక్కాల్సింది దక్కిన పొద్దున, అన్నేళ్ళూ ఎక్కడికి పోయాయో మనిషికి గుర్తుండదు కాబోలు. ఆ పొద్దున ఒక్కటే మొత్తం జీవితమంత పొడుగ్గా ఉంటుంది.